ఇనుములో చప్పుడు, వజ్రంలో వెలుగు

ప్రియమైన మిత్రుడికి,

ఉత్తరం అందిందిరా. గాలిలో కంటే నీళ్లలో, నీళ్లలో కంటే ఉక్కులో శబ్దం వేగంగా పోతుందని రాశావు, నిజమే. 20 డిగ్రీల గాలిలో సెకనుకు 343 మీటర్లు, మంచినీళ్లలో 1,480, సన్నటి ఉక్కు కడ్డీ పొడవునా 5,000 పైచిలుకు. కానీ దానికి కారణం సాంద్రత అన్నావు చూడు, అక్కడే పప్పులో కాలేశావు. అదే కారణమైతే సీసం ఉక్కుని మించిపోవాలి కదా! ఘనపు మీటరు ఉక్కు 7,850 కిలోలు తూగితే సీసం 11,300 కిలోలు తూగుతుంది. అయినా సీసపు కడ్డీలో శబ్దం 1,200 మీటర్ల దగ్గరే ఉండిపోతుంది. నీళ్లలో కంటే కూడా తక్కువ!

నిజానికి సాంద్రత శబ్దానికి అడ్డమేరా. శబ్దమంటే ఒక పొర పక్క పొరను నెట్టడం, అది ఆ పక్కదాన్ని నెట్టడం. పదార్థం ఎంత బిగువుగా ఉంటే, అంటే నొక్కినా సాగదీసినా ఎంత లొంగకుండా ఉంటే, ఆ తోపు అంత త్వరగా అందుతుంది. ఎంత బరువుగా ఉంటే కదలడానికి అంత మొరాయిస్తుంది. బిగువుని సాంద్రతతో భాగించి వర్గమూలం తీస్తే వేగం వచ్చేస్తుంది. ఉక్కు బిగువు 200 గిగాపాస్కల్‌లు, అంటే 2 పక్కన 11 సున్నాలు పెట్టినన్ని పాస్కల్‌లు (బిగువుని కొలిచే ప్రమాణం). దాన్ని 7,850తో భాగించి మూలం తియ్యి, 5,050 వస్తుంది. ఉక్కు బరువైనదే, కానీ దాని బిగువు ఆ బరువుని మింగేస్తుంది. సీసానికి అంత బిగువు లేదు.

గాలికీ ఇదే లెక్క. ఒత్తిడి పెంచితే బిగువూ సాంద్రతా ఒకే పాళ్లలో పెరుగుతాయి, వేగం ఉన్నచోటే ఉంటుంది. తేడా తెచ్చేది వేడి, డిగ్రీకి 0.6 మీటర్ల చొప్పున.

వెలుగు తీరే వేరు. దానికి పదార్థం అక్కర్లేదు, ఉంటేనే తంటా. శూన్యంలో సెకనుకు 2,99,792 కిలోమీటర్లు పోయేది నీళ్లలో 2,25,000కి, గాజులో 2,00,000కి, వజ్రంలో 1,24,000కి పడిపోతుంది. వజ్రం మహా బిగువైనది, పైగా తేలిక కార్బన్‌తో అల్లుకున్నది కాబట్టి అందులోనే శబ్దం సెకనుకు 17, 18 కిలోమీటర్లు దూసుకుపోతుంది. గాలిలో వెలుగు శబ్దం కంటే సుమారు 8 లక్షల 70 వేల రెట్లు వేగం. వజ్రంలో ఆ తేడా 7 వేల రెట్లకు దిగిపోతుంది! ఈ అంకె చూసినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది.

ఈ తేడానే వాడుకుని 1826లో కొలాడన్, స్టర్మ్ అనే శాస్త్రవేత్తలు స్విట్జర్లాండ్‌లోని జెనీవా సరస్సులో శబ్దవేగం కొలిచారు. ఒక పడవ నుంచి నీళ్లలోకి వేలాడేసిన గంట కొడుతూనే, అదే క్షణంలో పైన తుపాకిమందు అంటించారు. 13 కిలోమీటర్ల పైన దూరంలో ఇంకో పడవ మీద నీళ్లలోకి దింపిన గొట్టానికి చెవి పెట్టుకుని, మంట కనబడ్డప్పటి నుంచి గంట వినబడేదాకా కాలం కొలిచారు. 9 సెకన్ల పైచిలుకు పట్టింది. 8 డిగ్రీల నీళ్లలో వేగం 1,435 అని తేలింది. అంత దూరం రావడానికి వెలుగుకి సెకనులో లక్షో వంతులు నాలుగైదు చాలు, దాన్ని వదిలేసినా లెక్క చెడదు.

నీకు సరస్సు అక్కర్లేదులే. ఒక మీటరు పొడవు, 10 మిల్లీమీటర్ల మందం ఉన్న ఉక్కు కడ్డీ చాలు. ఫోన్‌లో శబ్దపు పౌనఃపున్యం, అంటే సెకనుకు ఎన్ని ఊపులో (హెర్ట్జ్‌లలో) చూపే యాప్ తెరువు. కడ్డీని సరిగ్గా నడిమధ్య రెండు వేళ్లతో పట్టుకుని, ఒక కొసన చిన్న సుత్తితో కడ్డీ పొడవు వెంబడే టక్కున కొట్టు. సన్నగా, తీగలాగా ఒక మోత సాగుతుంది. 2,500 నుంచి 2,600 హెర్ట్జ్‌ల మధ్య ఒక నిటారు గీత లేస్తుంది. దాన్ని కడ్డీ పొడవుతో, మళ్లీ రెండుతో గుణిస్తే అదే వేగం.

పక్క నుంచి కొడితే మాత్రం కడ్డీ వంగుతూ ఊగుతుంది, కిందెక్కడో అక్కర్లేని గీతలు గుంపుగా లేస్తాయి. నడిమధ్య కాక వేరేచోట పట్టుకున్నా, పిడికిలి బిగించినా మోత చప్పున చచ్చిపోతుంది, ఎందుకంటే ఈ ఊపులో కదలకుండా ఉండేది ఆ మధ్య బిందువొక్కటే. పొడవు సెంటీమీటరు తప్పు కొలిస్తే వేగంలో నూటికి ఒక వంతు తప్పొస్తుంది, టేపు జాగ్రత్తగా పట్టు.

తర్వాత అంతే పొడవు అల్యూమినియం కడ్డీ తీసుకో. చేతిలో మూడోవంతు బరువే ఉంటుంది, మోత మాత్రం దాదాపు అదే! దాని బిగువు కూడా మూడోవంతే కదా. ఇత్తడిది దొరికితే 1,700 హెర్ట్జ్‌ల దాపులో రావాలి. రాకపోతే పక్క నుంచి కొట్టావేమో చూసుకుని, మూడు అంకెలూ నాకు రాసి పంపు.

ఉంటాను మరి,
నీ మిత్రుడు