అమూర్ డేగను గద్ద అనకండి

సంపాదకులకు నమస్కారం.

వలస పక్షుల వార్తల్లో అమూర్ డేగను ‘గద్ద’ అని రాస్తుంటే మనసు చివుక్కుమంటోంది. పావురం కన్నా చిన్నదైన ఈ పక్షి బరువు 150 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది, అంతే! తూర్పు సైబీరియా, ఉత్తర చైనాలలో పిల్లల్ని పెంచి, చలికాలానికి ఆఫ్రికా ఖండపు దక్షిణ ప్రాంతానికి చేరుతుంది. దారిలో అక్టోబరు, నవంబరులలో నాగాలాండ్‌లోని దోయాంగ్ జలాశయం దగ్గర ఆగి, ఎగిరే ఉసుళ్లను గాలిలోనే పట్టి తిని ఒంట్లో కొవ్వు నింపుకుంటుంది. అరేబియా సముద్రాన్ని దాటించేది ఆ కొవ్వే. నడిసముద్రంలో వాలడానికి కొమ్మ ఎక్కడిది?

2012లో అక్కడే చుట్టుపక్కల ఊళ్లవారు వేటకు పన్నిన వలల్లో ఇవి వేలాదిగా చిక్కి చచ్చిపోయాయి. మరుసటి ఏడాదికల్లా అదే ఊళ్లవారు వేట మాని కాపలాకు నిలబడ్డారు. ఈసారి వార్త రాసేటప్పుడు డేగను డేగ అనండి, ఆ గ్రామస్థుల గురించీ నాలుగు మాటలు రాయండి.

— ఒక పాఠకుడు