సీజన్ మధ్యలో కోచ్‌ను మార్చకండి: మన ఫుట్‌బాల్ క్లబ్ అధ్యక్షుడికి బహిరంగ లేఖ

అధ్యక్షుల వారికి నమస్కారం.

వరుసగా ఓడిపోతున్నాం, కోచ్‌ను పంపించేస్తారని అంటున్నారు. ఇప్పుడా పని చెయ్యొద్దండి.

మన లెఫ్ట్ బ్యాక్ (ఎడమవైపు డిఫెండర్) ముందుకు పరుగెత్తగానే ఆ ఖాళీలోకి రావాల్సిన మిడ్‌ఫీల్డర్ ఒక్క అడుగు ఆలస్యంగా కదులుతున్నాడు. మొన్నటి రెండు గోల్సూ అక్కడి నుంచే పడ్డాయి. ఆ అడుగు సరికావాలంటే ట్రైనింగ్‌లో అదే కదలికను పదే పదే ఆడించాలి. వారానికి రెండు మ్యాచ్‌లుంటే మర్నాడు రికవరీకే పోతుంది, ముందురోజు తేలికపాటి సాధనే. ఇంక నేర్పేదెప్పుడు?

1986 నవంబరులో ఇంగ్లండ్ క్లబ్ మాంచెస్టర్ యునైటెడ్‌కు కోచ్‌గా వచ్చిన అలెక్స్ ఫెర్గూసన్‌కు అక్కడ మొదటి ట్రోఫీ 1990లో వచ్చింది, లీగ్ టైటిల్ 1993లో. అందరూ ఫెర్గూసన్‌లు కారనుకోండి.

మరో ఇంగ్లండ్ క్లబ్ లెస్టర్ సిటీ సంగతి ఎత్తుతారేమో. 2016లో లీగ్ టైటిల్ తెచ్చిన కోచ్ రానియెరీని 2017 ఫిబ్రవరిలో తీసేశారు, జట్టు కోలుకుంది కూడా. కానీ పగ్గాలు అందుకున్నది ఆ ఆటగాళ్లను బాగా ఎరిగిన సహాయక కోచే. మీరు చూస్తున్నది బయటివాళ్లను. కొత్తాయన వచ్చి ముగ్గురు డిఫెండర్లతో ఆడదామంటే, అందుకు తగ్గ ఆటగాళ్లేరీ? కొత్త ఆటగాళ్లను తీసుకునే గడువు, అదే ట్రాన్స్‌ఫర్ విండో, మూసేశారు కదా!

సీజన్ అయ్యేదాకా ఆయనకు టైమివ్వండి. ఆ మాట మీరే బయటికి చెప్పండి. రోజుకో పుకారుతో డ్రెస్సింగ్ రూమ్‌లో ఉన్న టెన్షన్ చాలు.

ఇట్లు,
ఒక సీజన్ టికెట్ అభిమాని