నమూనా చూపిస్తే చాలదు, బరువు పెట్టి చూడాలి

సంపాదకుడికి,

అయ్యా,

పాఠశాలల వైజ్ఞానిక ప్రదర్శనలకు న్యాయనిర్ణేతగా వెళ్తుంటాను. వంతెనలు, డ్యామ్‌లు, ఫ్లైఓవర్ల నమూనాలు ప్రతిసారీ బల్లల నిండా ఉంటాయి. థర్మాకోల్‌తో చేసి, రంగులేసి, బుల్లి లైట్లు పెట్టి తెస్తారు. చూడముచ్చటగానే ఉంటాయి. "దీని మీద ఒక ఇటుక పెట్టనా?" అంటే మాత్రం పిల్లవాడు కంగారుగా టీచర్ వైపు చూస్తాడు. వాటిలో చాలావరకు షాపులో కొన్నవో, ఇంట్లో పెద్దవాళ్లు కూర్చుని అతికించినవో. ఇందులో పిల్లల తప్పేమీ లేదు. మార్కులు మనం అందానికీ, బట్టీపట్టి అప్పజెప్పిన నాలుగు ముక్కలకీ వేస్తున్నాం.

నా విన్నపం ఒక్కటే. వంతెనైనా గోడైనా, పిల్లలు కట్టిన నమూనా మీద విరిగేదాకా బరువు పెట్టాలి. ఎక్కడ విరిగిందో, ఎందుకు విరిగిందో వాళ్లే చెప్పాలి. మార్కులు దానికి వేయాలి.

నాలుగు ఐస్‌క్రీం పుల్లల్ని చతురస్రంగా పేర్చి, మూలల్లో పిన్నులు గుచ్చి పక్కనుంచి వేలితో తోస్తే ఇట్టే ఒరిగిపోతుంది. మూల నుంచి మూలకు ఇంకో పుల్ల వేస్తే ఇక కదలదు, చతురస్రం రెండు త్రిభుజాలైంది కాబట్టి. అలాంటి త్రిభుజాలతో చిన్న వంతెన కట్టి బరువులు వేలాడదీస్తే, పై వరస పుల్లలు నొక్కుకుపోయి విల్లులా వంగుతాయి, కింది వరస సాగదీసినట్టు బిగుసుకుంటుంది. చాలాసార్లు ముందు పోయేది పుల్ల కాదు, జిగురు పెట్టిన అతుకు. పాఠం మాత్రమే చదివిన పిల్లలకు ఈ సంగతి తట్టదు.

ఇంకో ప్రయోగం నాకు మరీ ఇష్టం. అట్టపెట్టెకు ఒక పక్క కోసేసి, అక్కడ విడి అట్ట నిలబెట్టి ఇసుక పోయాలి. చెయ్యి వదలగానే ఇసుక తోపుకు అట్ట పడిపోతుంది. ఈసారి ఆ అట్టకు వరసలు వరసలుగా కాగితపు పట్టీలు అతికించి, వాటిని వెనక్కి పరుస్తూ, మీద ఇసుక పోస్తూ నింపాలి. ఇప్పుడు చెయ్యి తీసినా అట్ట నిలబడుతుంది, ఇసుక మీద ఇటుక పెట్టినా ఆగుతుంది. మీది ఇసుక బరువుకు పట్టీలు జారకుండా బిగుసుకుని అట్టను పట్టుకుంటాయి. పట్టీల పొడవు తగ్గించుకుంటూ పోతే ఏ పొడవు దగ్గర కూలుతుందో తెలుస్తుంది. హైవే ఫ్లైఓవర్ ఎక్కేచోట రెండు వైపులా కాంక్రీటు పలకల గోడలు చూస్తుంటాం కదా, చాలావాటి వెనక మట్టిలో ఉండేవి ఇలాంటి పట్టీలే. 1960ల్లో ఫ్రాన్స్ ఇంజనీరు ఆన్రీ విడాల్ ఈ పద్ధతిని వాడుకలోకి తెచ్చారు.

మా రాజమహేంద్రవరం పిల్లలకైతే పాఠాలు ఊళ్లోనే ఉన్నాయి. 1900లో రైళ్లు మొదలైన హేవలాక్ వంతెన, 1974 నాటి రోడ్డు, రైలు వంతెన, 1997లో వచ్చిన ఆర్చి వంతెన. ఒక అట్టముక్కను ఆర్చిలా వంచి బల్ల మీద పెట్టి నొక్కితే రెండు చివర్లూ బయటికి జారిపోతాయి. ఆ చివర్లను దారంతో కలిపి కడితే ఆగుతుంది. మా ఆర్చి వంతెనలో ఆ దారం పని పట్టాలను మోసే కింది గర్డరు (దూలం) చేస్తోంది. రోజూ ఆ వంతెనను చూసే పిల్లల్లో ఈ సంగతి ఎందరికి తెలుసు?

నమూనా అంటే పిల్లలాట అనుకోవద్దు. పోలవరం స్పిల్‌వే (వరద నీటిని కిందికి వదిలే కట్టడం) మీద నీరు ఎలా పోతుందో పుణెలోని కేంద్ర జల, విద్యుత్ పరిశోధన కేంద్రంలో నమూనా కట్టి, నీళ్లు వదిలి చూశారు.

ఖర్చు గురించి భయం అక్కర్లేదు. 2016 నుంచి బడుల్లో పిల్లలు సొంతంగా వస్తువులు చేసి నేర్చుకునే అటల్ టింకరింగ్ ల్యాబ్‌లకు కేంద్రం ఒక్కోదానికి 20 లక్షల దాకా ఇస్తోంది. వాటిలో 3డి ప్రింటర్లు, సెన్సర్లు ఉంటాయి, మంచిదే. పక్కనే ఒక ఇసుక తొట్టి, పుల్లల కట్ట, ఫెవికాల్ డబ్బా, తూకపు రాళ్లు కూడా పెట్టమంటున్నాను. ల్యాబ్ లేని బడిలో వరండా చాలు. ఇంటర్ రెండేళ్లూ ఎలాగూ ఈఏపీసెట్ బిట్లతోనే గడిచిపోతాయి. చేతులతో నేర్చుకునే వయసు హైస్కూల్లోనే.

2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల పిల్లలకు పది రోజులు సంచి లేని బడి ఉండాలని, ఆ రోజుల్లో వడ్రంగి, కుమ్మరి వంటి స్థానిక పనివాళ్ల దగ్గర నేర్చుకోవాలని చెప్పింది. అందులో ఒక రోజు తాపీ మేస్త్రిని, రాడ్ బెండింగ్ మేస్త్రిని పిలవండి. గదిలో మామూలు స్లాబుకు మధ్యలో రాడ్డు కింద ఎందుకు వేస్తారో, బాల్కనీకి పైన ఎందుకు వేయాలో గీతలు గీసిన స్పాంజి ముక్క వంచి చూపిస్తే పిల్లలు జన్మలో మర్చిపోరు. రేపు సొంతిల్లు కట్టుకునేటప్పుడు కూడా పనికొస్తుంది.

కష్టపడి చేసింది విరిగితే పిల్లలు బాధపడరా అని ఒక హెడ్మాస్టరు గారు అడిగారు. నేను చూసినంతలో ఆ క్షణం కోసమే అందరూ చుట్టూ మూగుతారు, విరిగాక ముక్కలు ఏరి చూపిస్తూ వాదించుకుంటారు.

ఈసారి జిల్లా ప్రదర్శనల మార్గదర్శకాలు వెలువడే ముందే బరువు పరీక్షను, దానికి విడిగా మార్కులను విద్యాశాఖ అధికారులు చేర్చాలి. షాపులో కొన్న నమూనాలను పోటీకి అనుమతించకూడదు. పరీక్ష నిర్వహించడానికి మనుషులు కావాలంటే, రిటైరైన ఇంజనీర్లం ప్రతి జిల్లాలోనూ ఉన్నాం. కబురు చేస్తే వస్తాం.

- ఒక విశ్రాంత సివిల్ ఇంజనీరు, రాజమహేంద్రవరం