పాత మిలిటరీ ఫొటోల పని: మా స్టూడియోలో ఇకనుంచి పద్ధతి ఇది

తాత మిలిటరీ డ్రెస్సులో ఉన్న ఫొటో తెచ్చి, "బాగు చేసి, కింద రెజిమెంటు పేరు రాయండి" అని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. ఈ పనిలో రెండు మార్పులు చేశాం. టోపీ మీది బ్యాడ్జీ గానీ, భుజం మీది అక్షరాలు గానీ చదవడానికి వస్తేనే పేరు రాస్తాం. మొహం మీది గీతలు తీయడానికి ఏఐ వాడినా, టోపీ, భుజాలు, ఛాతీ జోలికి దాన్ని పోనివ్వం. మసక ఉన్నచోట అది తనకు తోచిన సింహాన్నో నక్షత్రాన్నో గీసి పెడుతుంది. అది నిగనిగలాడుతూ ఉంటుంది కాబట్టి ఇంట్లో అందరూ నమ్ముతారు.

వాట్సాప్‌లో పంపిన ఫొటో చూసి ఏమీ చెప్పలేం. పాస్‌పోర్టు సైజు ఫొటోలో బ్యాడ్జీ వెడల్పు 2 మిల్లీమీటర్లు ఉంటే గొప్ప. 300 డీపీఐలో స్కాన్ చేస్తే దానికి 24 పిక్సెళ్లు కూడా దక్కవు, 1200లో చేస్తే 94 వస్తాయి. అసలు ఫొటోనే తెండి. అది అద్దానికి అతుక్కుపోయి ఉంటే పీకకండి. వానాకాలం చెమ్మకు పైపొర మెత్తబడి అద్దాన్ని పట్టేస్తుంది, లాగితే మొహమే ఊడి వస్తుంది. ఫ్రేముతో సహా తెస్తే అద్దం మీదుగానే స్కాన్ చేస్తాం. తడిగుడ్డతో తుడవద్దు, లామినేషన్ అసలే వద్దు.

ఖాకీ వేసుకున్న ప్రతి మనిషీ సిపాయి కాదు. మన వైపు పాత ఫొటోల్లో పోలీసులు, ఫారెస్టు వాళ్లు, ఆబ్కారీ జవాన్లు, కాజీపేట రైల్వే ఉద్యోగులు, కాలేజీ ఎన్‌సీసీ పిల్లలు అందరూ ఖాకీలోనే కనపడతారు. భుజం నుంచి నడుముకు అడ్డంగా పటకా, దాని మీద ఇత్తడి బిళ్ల ఉంటే చాలాసార్లు ఆయన కచేరీలో డవాలీ బంట్రోతు. బాపు చెప్పిన కథ వేరే ఉన్న ఇంట్లో ఈ మాట నచ్చదు. అయినా చెప్తాం.

ముందుగా చూసేది టోపీ బిళ్ల పైభాగం. 1950 జనవరి 26 నుంచి సైన్యం గుర్తుల్లో కిరీటం పోయి అశోక సింహాలు వచ్చాయి. కిరీటం గుండ్రంగా, వెడల్పుగా ఉంటుంది, సింహాలు నిటారుగా ఉంటాయి. నిజాం దస్తారు (తలపాగా) గుర్తు కనపడితే అది హైదరాబాద్ సంస్థానం కొలువు. సైన్యమా, పోలీసా అన్నది దానితోనే తేలదు. భుజం మీద ఏపీఎస్పీ (ఆంధ్రప్రదేశ్ స్పెషల్ పోలీసు) అని ఉంటే, మామునూరు వాళ్లలాంటి బెటాలియన్ పోలీసు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది 1956 నవంబరు 1న కాబట్టి ఫొటో అంతకు ముందుది కాదు. ఎన్‌సీసీ మొదలైంది 1948లో కాబట్టి ఆ డ్రెస్సు ఫొటో కూడా అంతకు ముందుది కాదు.

ఇంకో తికమక "హైదరాబాద్ రెజిమెంటు". డిశ్చార్జి కాగితంలో 19వ హైదరాబాద్ రెజిమెంటు అని ఉంటే అది నిజాం సైన్యం కాదు, బ్రిటిష్ ఇండియా సైన్యం. 1945లో దాని పేరు కుమావ్ రెజిమెంటుగా మార్చారు.

చేతి మీద మూడు పట్టీలు చూసి హవల్దారు అనేస్తారు, పోలీసు హెడ్ కానిస్టేబులుకూ మూడే. రెండు నక్షత్రాలు, కింద రిబ్బను పట్టీ ఉంటే సుబేదారు కావచ్చు, ఎస్సై కావచ్చు. సుబేదారు పట్టీ ఎరుపు-పసుపు-ఎరుపు, ఎస్సైది ఎరుపు-నీలం. నలుపు తెలుపులో రెండూ బూడిద రంగే, అందుకే భుజం అక్షరాలు లేకుండా తేల్చం.

రంగు అసలు సాక్ష్యమే కాదు. పాతకాలపు కొన్ని ప్లేట్లకు, ఫిల్ములకు ఎరుపు అందదు. ఎర్ర రిబ్బను నల్లగా, నీలం తెల్లగా పడుతుంది. చేత్తో రంగులద్దిన ఫొటోలైతే అద్దినాయన ఇష్టం. రెండో ప్రపంచ యుద్ధం నాటి బర్మా స్టార్, ఆఫ్రికా స్టార్, ఇటలీ స్టార్ అనే పతకాలు మూడూ ఆరు కోణాల ఒకే ఆకారం. తేడా రిబ్బను రంగుల్లో, మధ్యలో రాతలో. ఫొటో చూసి ఇది బర్మా స్టార్ అని ఎవరైనా ఢంకా బజాయిస్తే నమ్మకండి.

పతకాలు కుడి వైపున కనపడితే చొక్కా గుండీలు చూడండి. మగవాళ్ల చొక్కాకు ఎడమ అంచు పైన ఉంటుంది. అదీ తారుమారైతే నెగెటివ్ తిరగేసి ప్రింటు వేశారన్నమాట. అలాంటివి సరిచేసే ఇస్తాం.

ఇంట్లో పతకం ఉంటే తెండి. స్వాతంత్ర్యం తర్వాతి పతకాల అంచు మీద సాధారణంగా నంబరు, పేరు చెక్కి ఉంటాయి. డిశ్చార్జి బుక్కు, పీపీఓ (పెన్షన్ మంజూరు కాగితం) జిరాక్సు ఉంటే ఇంకా మేలు. సర్వీసు నంబరు దొరికితే ఏ రికార్డ్స్ ఆఫీసుకు రాయాలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగొచ్చు. ఈఎంఈ (సైన్యం యంత్రాలు బాగుచేసే విభాగం), ఏఓసీ (ఆయుధాలు, సామాను అందించే విభాగం) వాళ్ల రికార్డులు సికింద్రాబాద్‌లోనే ఉన్నాయి.

పని వారం పడుతుంది. పేరు తేలకపోయినా స్కాన్ డబ్బులు తీసుకుంటాం. ముట్టుకోని స్కాన్ ఒకటి, బాగుచేసింది ఒకటి విడివిడిగా పెన్‌డ్రైవ్‌లో ఇస్తాం. ఫ్రేము వెనక అట్టను మాత్రం పారేయకుండా తెండి, స్టూడియో ముద్ర, తేదీ ఉంటే చాలాసార్లు దాని మీదే ఉంటాయి.