జీడిమామిడి పూత నష్టాన్నీ లెక్కించాలి

సంపాదకులకు నమస్కారం.

మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో జీడిమామిడి నష్టం అనగానే అందరికీ 2018 అక్టోబరు నాటి తిత్లీ తుపానే గుర్తుకు వస్తుంది. కూలిన చెట్లు కంటికి కనిపిస్తాయి కనుక వాటిని లెక్కపెట్టడం సులువు. చెట్టు నిలబడే ఉండి పూత మాడిపోయిన ఏడాది రైతు పోగొట్టుకునేది మాత్రం అంత తేలికగా ఎవరి లెక్కకూ అందదు.

మన ప్రాంతంలో జీడిమామిడి ముఖ్యంగా డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు పూస్తుంది. ఒక్కో పూగుత్తిలో వందల పూలున్నా అధిక భాగం మగపూలే. కాయ కట్టగలిగిన ద్విలింగ పుష్పాలు కొద్దిపాటివి, వాటిలోనూ పిక్క ముదిరేదాకా నిలిచేవి ఇంకా తక్కువ. జిగురుగా ఉండే పుప్పొడిని తేనెటీగలు, ఈగల వంటి కీటకాలే ప్రధానంగా చేరవేయాలి. ఆ రోజుల్లో మబ్బు పట్టి, పొద్దెక్కినా మంచు వీడకపోయినా, అకాల వర్షం కురిసినా కీటకాల రాకపోకలు తగ్గుతాయి, తడిసిన పూగుత్తులకు శిలీంధ్రపు తెగుళ్లు సోకుతాయి. అన్నిటికంటె నేను భయపడేది టీ దోమ అనే రసం పీల్చే పురుగుకు. అది లేత రెమ్మల నుంచి, పూగుత్తుల నుంచి రసం పీల్చడం మొదలుపెడితే, నిండుగా పూసిన తోట కొద్ది రోజుల్లోనే నిప్పు సోకినట్టు మాడిపోతుంది. దాని కోసం పట్టపగలు మందు కొడితే పూలపై వాలిన తేనెటీగలూ చస్తాయి కాబట్టి, పిచికారీ తప్పనిసరైనప్పుడు సాయంత్రం వేళనే చేయాలని తోటి రైతులను వేడుకుంటున్నాను.

పంట తగ్గినా పలాసలోని జీడిపప్పు పరిశ్రమలకు ఆఫ్రికా దేశాల పిక్కలు దిగుమతి అవుతాయి. రైతుకు అటువంటి ప్రత్యామ్నాయం లేదు. అందువల్ల గ్రామస్థాయి ఉద్యాన సిబ్బంది జనవరిలో ఒకసారి, ఫిబ్రవరిలో మరొకసారి తోటలు తిరిగి, పూత ఎంత ఉన్నదో, ఎంత మాడినదో ఫొటోలతో సహా నమోదు చేయాలని, పరిహారానికైనా బీమాకైనా ఆ వివరాలను ఆధారంగా తీసుకోవాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను. సముద్రపు ఒడ్డున ఉన్న వజ్రపుకొత్తూరులోనూ, మహేంద్రగిరి వైపున్న మందసలోనూ మంచు ఒకే తీరున కురవదు కనుక, తేమను, మంచును, వర్షాన్ని ఏ మండలానికి ఆ మండలంలోనే కొలవాలి.

ఇట్లు,
ఒక జీడిమామిడి రైతు,
శ్రీకాకుళం జిల్లా.