మళవ్లి స్టేషన్లో ఒక బోర్డైనా పెట్టండి

సంపాదకుడికి,

అయ్యా,

మీ ఆదివారం అనుబంధంలో చిత్రకారుల ఊళ్లకు యాత్రల గురించి వచ్చిన వ్యాసం చదివాను. పారిస్‌కు దగ్గర్లో ఉన్న ఓవేర్ గ్రామం గురించి రాసిన భాగం మరీ నచ్చింది. అక్కడి సత్రంలో వాన్ గో అద్దెకున్న చిన్న గది ఉంది. 1890 జులైలో ఆయన ప్రాణం పోయింది అందులోనే. ఆ తర్వాత ఆ గదిని ఎవరికీ అద్దెకివ్వలేదట. లోపల చూడటానికంటూ ఏమీ లేకపోయినా, ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు టికెట్టు కొని మరీ ఆ మెట్లెక్కుతున్నారు.

ఎక్కనివ్వండి. డ్రాయింగు టీచరుగా రిటైరైన నాకు కుదిరితే నేనూ ఎక్కుతాను. కానీ వ్యాసం మొత్తంలో మన దేశపు చిత్రకారుడి ఊరు ఒక్కటీ లేకపోవడం చూసి ఈ ఉత్తరం రాయాలనిపించింది. అందులో తప్పు మీ విలేకరిది కాదు. టూరిజం శాఖలు ఏం చూపిస్తే విలేకరులు అదే రాస్తారు.

నా మాట రాజా రవివర్మ గురించి. అందమైన అమ్మాయిని చూస్తే "రవివర్మ బొమ్మలా ఉంది" అనడం మనకెంత అలవాటంటే, ఆ మాట అనేవాళ్లలో ఆయన బొమ్మను ఎదురుగా నిలబడి చూసినవాళ్లు నూటికి ఒకరైనా ఉంటారో లేదో! సరస్వతి అంటే తెల్లచీర, వీణ; లక్ష్మి అంటే తామరపువ్వు, పక్కన ఏనుగు. కళ్లు మూసుకోగానే మనకు కనిపించే ఈ రూపాలు ఇలా స్థిరపడటంలో ఆయన కుంచెది పెద్ద చెయ్యి. సినిమాలోకీ అవే వచ్చాయి. మన మొదటి కథాచిత్రం తీసిన ఫాల్కే అంతకుముందు రవివర్మ ప్రెస్సులో పనిచేసినవాడే. అంత వెనక్కి పోనక్కర్లేదు, 2020లో రమ్యకృష్ణ, సమంత, శ్రుతి హాసన్ లాంటి తారలు రవివర్మ బొమ్మల్లోలా అలంకరించుకుని కేలండరుకు ఫొటోలు దిగితే మన ఫోన్లన్నీ వాటితోనే నిండిపోలేదా?

ఇదంతా ఎలా మొదలైందో చెప్పాలంటే మా అమ్మమ్మ లక్ష్మీదేవి పటం దగ్గరికి రావాలి. పూజగదిలో పొగచూరి, ఒక మూల చెదపట్టిన పటం. చీర అంచుకు చమ్కీలు అతికించి ఉంటాయి. అమ్మమ్మ స్వయంగా అతికించినవేనని మా అమ్మ చెప్పేది. అడుగున సన్నటి ఇంగ్లీషు అక్షరాల్లో రవివర్మ ప్రెస్, కార్లా–లోనావ్లా అని ఉంటుంది. చిన్నప్పుడు అదేదో గుడి పేరనుకునేదాన్ని.

తిరువాన్కూరు, బరోడా సంస్థానాల్లో దివానుగా చేసిన టి. మాధవరావు సలహా ఇచ్చిన కొన్నేళ్లకు, 1894లో, రవివర్మ తన తమ్ముడు రాజరాజవర్మతో కలిసి బొంబాయిలో ఈ ప్రెస్సు పెట్టాడు. యంత్రాలు జర్మనీవి, నిపుణులూ అక్కడివాళ్లే. రాతిపలక మీద బొమ్మ గీసి కాగితం మీద అచ్చువేసే ఆ పని చూస్తే ఓపిక ఎంత కావాలో తెలుస్తుంది. బొమ్మలో ఎన్ని రంగులుంటే దాదాపు అన్ని రాళ్లు కావాలి. ఏ రంగు ఎక్కడ ఎంత పడాలో ఒక్కో రాయి మీద జిడ్డు సిరాతో చేత్తో చుక్కలు పెట్టాలి. ఆ తర్వాత అదే కాగితాన్ని ఒక రాయి తర్వాత ఒక రాయి మీద, వెంట్రుకవాసి తేడా రాకుండా అచ్చువేయాలి. చివర్లో వార్నిష్ పూస్తే తైలవర్ణ చిత్రంలా మెరుస్తుంది. ప్రెస్సుకు అప్పులే మిగిలాయి, కొన్నేళ్లకే అది జర్మన్ నిపుణుడు ష్లైకర్ చేతికి పోయింది. బొమ్మలు మాత్రం దేశమంతా తిరిగాయి. గుడి గడప తొక్కనివ్వని కులాలవాళ్ల ఇళ్లలోనూ గోడమీద దేవుడు వెలిశాడు. రవివర్మను నాటకాల బొమ్మలవాడని తీసిపారేసిన ఆనంద కుమారస్వామి వంటి విమర్శకుల మాటల్లో కొంత నిజం లేకపోలేదు. ఆయన గీసిన దేవతల కళ్లలో కొన్నిసార్లు నాకూ రంగస్థలమే కనబడుతుంది. అయినా ఇన్ని ఇళ్లకు చేరిన చిత్రకారుడు మనకు మరొకడెవరు?

బొంబాయి నుంచి ఆ ప్రెస్సు తరలివెళ్లింది లోనావ్లా పక్కనున్న మళవ్లికి. ముంబయి–పుణె రైలుమార్గంలో అది చిన్న స్టేషను. కార్లా, భాజా గుహలకు వెళ్లేవాళ్లు అక్కడే దిగుతారు. ఆరేళ్ల క్రితం నేనూ దిగాను. వీపున సంచులు తగిలించుకున్న కాలేజీ పిల్లలు రైలు దిగినవాళ్లు దిగినట్టే గుహలవైపు వెళ్లిపోయారు. వాళ్ల ఇళ్లలో ఉన్న లక్ష్మీదేవి ఈ ఊళ్లోనే పుట్టిందని చెప్పే అక్షరమ్ముక్క స్టేషన్లో నాకెక్కడా కనబడలేదు. ప్రెస్సు 1972లో మంటల్లో కాలిపోయింది.

అసలు చిత్రాల కోసం తిరగాలంటే ఓపికుండాలి. 1848లో ఆయన పుట్టి, 1906లో కన్నుమూసిన కిళిమానూరు తిరువనంతపురానికి సుమారు 40 కిలోమీటర్లు. హంస దమయంతి తిరువనంతపురం మ్యూజియం ఆవరణలో ఉంది. బరోడాలో మహారాజా శాయాజీరావు వేయించుకున్న పురాణ చిత్రాలు లక్ష్మీవిలాస్ ప్యాలెస్ ఆవరణలోని మ్యూజియంలో ఉన్నాయి. రకరకాల కట్టుబొట్టులతో 11 మంది స్త్రీలు వాద్యాలతో కూర్చున్న చిత్రం మైసూరు జగన్మోహన్ ప్యాలెస్‌లో ఉంది. అదే ప్యాలెస్‌లో చేత్తో దీపం పట్టుకున్న అమ్మాయి బొమ్మ దగ్గర ఎప్పుడూ గుంపే. రవివర్మ బొమ్మ అని చెప్పుకుంటూ ఫొటోల కోసం తోసుకుంటారు. అది ఎస్.ఎల్. హల్దంకర్ నీటిరంగుల్లో వేసింది! నేను వెళ్లిన రోజున మా బస్సు గైడు కూడా రవివర్మదే అన్నాడు. కాదు బాబూ అంటే, "అందరూ అలాగే అంటారు మేడమ్" అని ఊరుకున్నాడు.

కిళిమానూరుకు తప్ప ఈ ఊళ్లన్నింటికీ రైలుంది, అక్కడికి తిరువనంతపురంలో దిగి రోడ్డున వెళ్లవచ్చు. యాత్రల కోసం భారత్ గౌరవ్ రైళ్లు ఎలాగూ నడుపుతున్నారు. కిళిమానూరు, మైసూరు, మళవ్లి, బరోడా కలిపి ఏడాదికి ఒక్కసారైనా ఒక రైలు వేస్తే ఎక్కేవాళ్లుండరా? కేరళ, కర్ణాటక, మహారాష్ట్ర, గుజరాత్ టూరిజం శాఖలు ఒకచోట కూర్చుంటే చాలు. అదీ కుదరదంటే, రైల్వేవారు మళవ్లి ప్లాట్‌ఫారం మీద నాలుగు వాక్యాల బోర్డు పెట్టించవచ్చు. దానికి కోట్లేమీ అక్కర్లేదు.

మన రెండు తెలుగు రాష్ట్రాలు చేయగలిగిన పని వేరే ఉంది. 1979 నుంచి రవివర్మ చిత్రాలు జాతీయ కళానిధులు, అసలు చిత్రాలను దేశం దాటించకూడదు. 2023లో ఆయన యశోదాకృష్ణుల చిత్రం ముంబయి వేలంలో 38 కోట్లు పలికింది. వాటి బాగోగులు చూసుకునేవాళ్లున్నారు. అచ్చు పటాలకే దిక్కులేదు. ఇల్లు మారినప్పుడల్లా, గోడలకు రంగులేసినప్పుడల్లా అద్దం పగిలిన పటాలు రావిచెట్టు కిందికి చేరుతున్నాయి. పారేసేముందు అడుగున ప్రెస్సు పేరుందేమో చూడండి. భూతద్దం పెట్టండి. చుక్కలు వరసలు తీరి ఒకేలా ఉంటే అది తర్వాతి కాలపు ఆఫ్‌సెట్ అచ్చు. చిన్నా పెద్దా కలగలిసి చెయ్యి తిరిగినట్టుంటే అది రాయి మీద వేసిన అచ్చు కావచ్చు. ఆ ప్రెస్సు పేరున్న ప్రతి బొమ్మా రవివర్మది కాదు, తర్వాత ఇతరుల బొమ్మలూ అక్కడ అచ్చయ్యాయి. అయినా దాచదగ్గవే.

దాచేదెక్కడ అంటారేమో. అమ్మమ్మ పటం గురించి నేను ఒక మ్యూజియానికి ఫోన్ చేశాను. పేరెందుకు లెండి. "ప్రింట్లు మేం తీసుకోమండీ, ఒరిజినలైతే తీసుకురండి" అన్నారు. ఒరిజినల్ ఉంటే నేను ఫోన్ చేస్తానా! ఇళ్లలో మిగిలిన పాత అచ్చు పటాలను తీసుకుని, చెదమందు కొట్టి, ఎవరింటి నుంచి వచ్చిందో రాసిపెట్టడానికి రాష్ట్ర మ్యూజియాల్లో ఒక్క గది కేటాయించమని ప్రభుత్వాలను కోరుతున్నాను. గది దొరికిన రోజున మొదటి పటం నేనే తెచ్చిస్తాను. చమ్కీలు మాత్రం ఊడదీయకూడదు.

ఇట్లు,
ఒక విశ్రాంత డ్రాయింగు టీచరు,
రాజమహేంద్రవరం