మా పద్మిని ఇంజిన్‌ను నిలబెట్టిన చేతులకు కృతజ్ఞతలు

మా నాన్న ముప్పై ఏళ్లకు పైగా నడిపిన ప్రీమియర్ పద్మిని కారు ఈరోజు చిత్తూరు నుంచి కాణిపాకం వెళ్లి క్షేమంగా తిరిగొచ్చింది. ఇంటికి రాగానే ముందు ఈ నాలుగు మాటలు రాయాలనిపించింది.

రెండు నెలల క్రితం తిరుపతిలో పెళ్లికి వెళ్లి వస్తుంటే పనపాకం దగ్గర ఆయిల్ ప్రెషర్ తగ్గిందని హెచ్చరించే లైటు వెలిగింది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ నిండుగానే ఉంది. రేజ్ చేస్తే లైటు ఆరుతుంది, కాలు తీస్తే మళ్లీ వెలుగుతుంది. కాసేపటికి కింద నుంచి టకటకమని చప్పుడు. బండి ఆపేశాం. చీకటి పడ్డాక ఆగి, తన పాల వ్యానుకు తాడు కట్టి మమ్మల్ని ఇంటిదాకా లాక్కొచ్చిన అన్నా, డీజిల్ డబ్బులు కూడా తీసుకోకుండా వెళ్లిపోయావు. నీ మేలు మరిచిపోను.

మొదట చూపించిన షాపులో ఆయిల్ పంపు మార్చారు, బేరింగులన్నీ కొత్తవి వేశారు. రెండు వందల కిలోమీటర్లు తిరగకముందే మళ్లీ అదే లైటు, అదే చప్పుడు. ఇక పాత ఇనుముకు వేసెయ్యమన్నారు. నాన్న ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు.

అప్పుడు దొరికాడు మామ. ఆర్టీసీ డిపోలో జీవితమంతా ఇంజిన్లు విప్పి రిటైరైన మనిషి. అంతా విని ఒకటే అడిగాడు: "పంపు సరే, బేరింగులు సరే. ఆయిలు యాడికి పోతాందో చూసినారా?"

పిస్టన్ల పైకీకిందికీ కదలికను తిప్పుడుగా మార్చే ఇరుసు, అంటే క్రాంక్, దించి చెక్కమీద పెట్టాడు. క్రాంక్ ఆనుకుని తిరిగే మెయిన్ జర్నల్ నుంచి, పిస్టన్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ పట్టుకునే పిన్నులోకి ఆయిల్ వెళ్లడానికి క్రాంక్ లోపల ఏటవాలుగా రంధ్రం ఉంటుంది. ఫ్యాక్టరీలో బయటినుంచి తొలిచిన ఆ దారి మూతిని చిన్న ప్లగ్గుతో మూస్తారు. మామ ఒక రంధ్రాన్ని బొటనవేలితో మూసి, రెండోదాంట్లో కిరోసిన్ పోసి గాలి కొట్టాడు. ప్లగ్గు చుట్టూ చెమట పట్టినట్టు తడి. నా వేలు పట్టుకుని దానిమీద పెట్టించాడు. ప్లగ్గు తిరిగింది! పిన్నుకు అందాల్సిన ఆయిల్ అక్కడినుంచే కింది ఆయిల్ ఛాంబర్‌లోకి చిమ్మేస్తోంది. వేడెక్కి పలచబడితే ఇక ప్రెషర్ ఎక్కడ నిలుస్తుంది? కొత్త బేరింగ్ పైపూత అరిగి అప్పుడే రాగి రంగు తేలింది.

అదొక్కటే బిగిస్తే చాలనుకున్నాను. మామ ఒప్పుకోలేదు. ప్లగ్గులన్నీ తీయించాడు. ఒక్కోదాని వెనక నల్లటి మడ్డి, వేలికి ఇసుకలా గరగరలాడే పొడి. క్రాంక్ తిరిగే వేగానికి ఆయిల్‌లోని బరువైన చెత్తంతా అక్కడే చేరుతుందట. బ్రష్షుతో, కిరోసిన్‌తో పూటంతా కడిగాం. లేత్ షాపు తమ్ముడు ట్యాప్ కొట్టి మరలు వేశాడు, తల లేని గ్రబ్ స్క్రూలను పొట్టిగా అరగదీసి ఇచ్చాడు. స్క్రూ పొడవైతే లోపలి ఆయిల్ దారికే అడ్డం పడుతుంది కదా. లాకింగ్ గమ్ము పూసి బిగించాక, మామ సెంటర్ పంచ్‌తో అంచులు కొట్టి స్క్రూలు కదలకుండా చేశాడు. మళ్లీ గాలి కొట్టి చూశాడు. ఈసారి చుక్క తడి లేదు.

దెబ్బతిన్న బేరింగులు మార్చి ఇంజిన్ ఎక్కించాం. ఇవాళ ఎండలో, ఇంజిన్ బాగా వేడి మీద కూడా ఐడ్లింగ్‌లో లైటు వెలగలేదు. లేత్ తమ్ముడూ, ఆదివారమని చూడకుండా షాపు తెరిచినందుకు చాలా థ్యాంక్స్.

మామా, బండి తెచ్చి ఒకసారి చప్పుడు వినిపించమన్నావుగా. రేపు పొద్దున్నే వస్తున్నాం. నాన్నే నడుపుతానంటున్నాడు.